కార్బన్‌కి ముందే తెలుసా మేడమ్?

గుంటూరులో ఉండే ఒక కెమిస్ట్రీ లెక్చరర్ రాసిన పొడవాటి ఉత్తరం సారాంశం ఇది. తన పేరు, కాలేజీ పేరు వేయొద్దన్నారు.

వయసు ముప్పై దాటింది. నాగార్జున యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశారు. బాబు పుట్టాక కొన్నాళ్లు ఇంట్లో ఉండి, ఇప్పుడు విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చెబుతున్నారు. పొద్దున్నే గుంటూరు బస్టాండులో నాన్‌స్టాప్ ఎక్కుతారు. సాయంత్రం స్టడీ అవర్ ముగించుకుని వారధి దాటి ఇంటికి చేరేసరికి బాబు నిద్రపోతూ ఉంటాడు. అది అలవాటైపోయింది, అసలు బాధ అది కాదంటారు.

జూనియర్ ఇంటర్ ఎంపీసీ సెక్షన్‌లో హైబ్రిడైజేషన్ (బంధాల కోసం ఒక పరమాణువులోని ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లుండే చోట్లు, కలిసిపోవడం) చెబుతుంటే ఒక కుర్రాడు లేచాడట. "మేడమ్, నాలుగు హైడ్రోజన్లు వస్తున్నాయని కార్బన్‌కి ముందే తెలుసా? తెలిసే హైబ్రిడైజ్ అయి కూర్చుంటుందా? లేకపోతే అవి వచ్చాక అవుతుందా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. ఈవిడ "అది మన సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ పిల్లాడు ఏమీ అడగడం మానేశాడు.

ఇది చాలదన్నట్టు, వీకెండ్ టెస్ట్‌లో పిరోల్‌లోని (నాలుగు కార్బన్లు, ఒక నైట్రోజన్ ఉన్న రింగు) నైట్రోజన్ హైబ్రిడైజేషన్ ఏమిటని ఒక ప్రశ్న వచ్చింది. డౌట్స్ అవర్‌లో పిల్లలు అడిగితే ఈవిడ బంధాలూ మిగిలిన ఎలక్ట్రాన్ జంటలూ కూడే ఫార్ములా వేసి ఎస్‌పి3 అన్నారు. కీలో ఎస్‌పి2 అని ఉంది. విషయం డీన్ దాకా వెళ్లింది. ఆయన పిలిచి, "ఫార్ములా చెప్పండి, ప్రాక్టీస్ చేయించండి, థియరీలోకి వెళ్లి కన్‌ఫ్యూజ్ చేయకండి" అన్నారు. ఇంట్లో భర్త "ఇంత టెన్షన్ మనకెందుకు, మానేసి బీఎడ్ చేసి డీఎస్సీకి చదువుకో" అంటున్నారు. ఉత్తరం చివర్లో ఈవిడ రాసింది ఇది: "డిస్టింక్షన్‌లో పాసయ్యాను. ఇప్పుడు చూస్తే ఈ పాఠం నాకే అర్థం కాలేదని తేలింది. అర్థం కానిదాన్ని రోజూ బోర్డు మీద రాస్తున్నాను. నేనీ ఉద్యోగానికి పనికొస్తానా?"

సమాధానం:

అమ్మా, మీ దిగులు ఉద్యోగం గురించే అయినా దాని మొదలు పాఠంలో ఉంది. కాబట్టి ముందు పాఠం సంగతి చూద్దాం. కొంచెం సేపు అక్కడే ఉంటాను, ఓపిక పట్టండి.

ఆ కుర్రాడు అడిగింది చాలా మంచి ప్రశ్న. మనం పాఠాన్ని ఎలా చెబుతామో చూడండి. కార్బన్‌లో 2ఎస్ అనే ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లు, 2పి ఆర్బిటాళ్లలో రెండు ఉన్నాయి అంటాం. ఒక ఎలక్ట్రాన్ ఎగిరి ఖాళీ పిలోకి వెళ్లింది అంటాం. తర్వాత నాలుగు ఆర్బిటాళ్లూ కలిసి నాలుగు ఎస్‌పి3లు అయ్యాయి, తర్వాత నాలుగు హైడ్రోజన్లు వచ్చి అతుక్కున్నాయి అంటాం. ఇదంతా కథ చెప్పినట్టే ఉంటుంది. కథలో ముందూ వెనకా ఉంటే, ముందు జరిగినదానికి తర్వాతది ఎలా తెలిసిందని తెలివైన పిల్లాడు అడగకుండా ఎలా ఉంటాడు? పెట్టెల్లో బాణాలు గీసి, ఒక బాణాన్ని పక్క పెట్టెలోకి తోసే ఆ బొమ్మ మీద నాకు ఎప్పుడూ సదభిప్రాయం లేదు. లెక్క చూపించడానికి పనికొస్తుంది గానీ సినిమా రీలులా కనిపిస్తుంది.

నిజానికి ఆ వరసలో ఏదీ జరగదు. విడిగా ఉన్న కార్బన్ పరమాణువు హైబ్రిడైజ్ అయి ఎవరికోసమో ఎదురుచూడదు. మీథేన్ తయారైనప్పుడు దాని కేంద్రకాలూ ఎలక్ట్రాన్లూ మొత్తం శక్తి అతి తక్కువగా ఉండేలా సర్దుకుంటాయి. ఆ సర్దుబాటులో నాలుగు హైడ్రోజన్లు చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం) మూలల్లో ఉంటాయి, మధ్య కోణం 109.5 డిగ్రీలు. ఆ ఆకారాన్ని మనకు తెలిసిన ఎస్, పి ఆర్బిటాళ్ల భాషలో వర్ణించడానికి మనం చేసే లెక్కే హైబ్రిడైజేషన్. ఆ లెక్క కట్టేది కార్బన్ కాదు, మనం.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది, పిల్లలకు ఈ వరస చెబితే చాలావరకు చిక్కు విడిపోతుంది. కార్బన్ నాలుగు బంధాలూ చతుర్ముఖి మూలలవైపు ఉంటాయని వాంట్ హాఫ్, లె బెల్ అనే ఇద్దరు కెమిస్టులు ఎవరికి వారుగా 1874లో చెప్పారు. అప్పటికి ఎలక్ట్రాన్ అనేదే ఎవరికీ తెలియదు. జె.జె. థామ్సన్ దాన్ని కనిపెట్టింది 1897లో. మరి వాళ్లకు ఎలా తెలిసింది? మీథేన్‌లో రెండు హైడ్రోజన్ల బదులు రెండు క్లోరిన్లు ఉండే డైక్లోరోమీథేన్ సంగతి తీసుకోండి. కార్బన్ మధ్యలో ఉండి నాలుగు బంధాలూ ఒక చదరం మూలలవైపు ఉంటే, రెండు క్లోరిన్లు పక్కపక్కన ఉన్న పదార్థం ఒకటి, ఎదురెదురుగా ఉన్నది ఇంకొకటి, మొత్తం రెండు దొరకాలి. ఎంత వెతికినా ఒక్కటే దొరికింది. చతుర్ముఖిలో అయితే ఏ రెండు మూలలైనా పక్కపక్కనే, కాబట్టి ఒక్కటే దొరకాలి. ఇక లాక్టిక్ ఆమ్లం. కండరాల నుంచి తీసినది ధ్రువిత కాంతి తలాన్ని తిప్పుతుంది, పులిసిన పాల నుంచి తీసినది తిప్పదు. రెండింటి ఫార్ములా ఒకటే, ఏది దేనికి అతుక్కుందన్న వరసా ఒకటే. కాగితం మీద చదునుగా గీస్తే ఈ తేడాకు చోటే లేదు. నాలుగు వేర్వేరు గుంపులను చతుర్ముఖి మూలల్లో పెడితే మాత్రం కుడిచేయి, ఎడమచేయి లాంటి రెండు రూపాలు వస్తాయి. ఒక్కటే ఉంటే కాంతి తిరుగుతుంది, రెండూ సమానంగా కలిసి ఉంటే తిరగదు.

పుల్లా బంకమట్టీ ఉంటే ఈ రెండూ పది నిమిషాల్లో చేయించవచ్చు. ఆర్బిటాల్ అన్న మాటే అక్కర్లేదు.

(మీకు ఊరటగా ఉంటుందని ఒక సంగతి. అప్పటికి వాంట్ హాఫ్ వయసు 22. పశువైద్య కళాశాలలో పనిచేసేవాడికి ఇలాంటి ఊహలు ఎందుకని కోల్బె అనే పెద్ద కెమిస్ట్ పత్రికాముఖంగానే ఎగతాళి చేశాడు. 1901లో కెమిస్ట్రీకి మొట్టమొదటి నోబెల్ బహుమతి వాంట్ హాఫ్‌కే వచ్చింది, వేరే పనికే అనుకోండి.)

ఆ తర్వాత 1913లో తండ్రీకొడుకులైన బ్రాగ్‌లు వజ్రం మీద ఎక్స్ కిరణాలు వేసి, ప్రతి కార్బన్ చుట్టూ నాలుగు కార్బన్లు చతుర్ముఖిగా ఉన్నాయని చూపించారు. 1926లో పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎలా ఉంటాయో లెక్కగట్టే ష్రోడింగర్ సమీకరణం వచ్చింది. అసలు ఇబ్బంది అప్పుడే మొదలైంది. సమీకరణం ఇచ్చిన ఎస్ ఆర్బిటాల్ గుండ్రం, మూడు పి ఆర్బిటాళ్లు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో. వాటితో నేరుగా బంధాలు కడితే మూడు హైడ్రోజన్లు లంబంగా ఉండాలి, నాలుగోది ఎటైనా ఉండొచ్చు. మీథేన్ అలా లేదని అర్ధ శతాబ్దం ముందే తెలుసు. ఈ రెండింటినీ కలపడానికి 1931లో లైనస్ పాలింగ్, అదే రోజుల్లో స్లేటర్ చేసిన లెక్కే మనం చెబుతున్న పాఠం. అంటే ఆకారం ముందు, ఎలక్ట్రాన్ తర్వాత, హైబ్రిడైజేషన్ అన్నిటికన్నా చివర. మన క్లాసుల్లో దీన్ని తలకిందులు చేసి, హైబ్రిడైజేషన్ వల్ల ఆకారం వచ్చిందంటాం. మీ విద్యార్థి ఆ తలకిందులను పట్టుకున్నాడు, అంతే.

ఆ లెక్క ఏమిటో పిల్లలకు పొలం వాటాలతో చెప్పవచ్చు. మన జిల్లా పిల్లలకు ఇది వెంటనే తడుతుంది. నలుగురు అన్నదమ్ములు, ఉమ్మడి ఆస్తి ఒక ఎకరం మాగాణి, మూడు ఎకరాల మెట్ట. ఒకడికి మాగాణి, మిగతా ముగ్గురికి మెట్ట అని పంచవచ్చు. లేదా అందరికీ తలా పావు ఎకరం మాగాణి, ముప్పావు ఎకరం మెట్ట రాయవచ్చు. రెండో పద్ధతిలో నాలుగు వాటాలూ సమానం. అదే ఎస్‌పి3, ఎస్ పాలు 25 శాతం, పి పాలు 75 శాతం. నేల మారలేదు, దస్తావేజు మారింది. ముగ్గురే పంచుకుని ఒక ఎకరం మెట్టను విడిగా ఉంచితే ఎస్‌పి2. ఆ విడిగా ఉంచిన ఎకరమే పక్క కార్బన్‌తో పై (π) బంధానికి, అంటే డబుల్ బాండ్‌లో రెండో బంధానికి, వాడే పి ఆర్బిటాల్. ఇద్దరే పంచుకుని రెండు ఎకరాలు విడిగా ఉంచితే ఎస్‌పి, అక్కడ రెండు పై బంధాలకు చోటుంటుంది.

ఈ పోలిక ఇంకొంచెం దూరం కూడా వస్తుంది. దస్తావేజులో నాలుగు వాటాలు సమానమని ఉన్నా, భూసార పరీక్ష చేయిస్తే రెండు రకాల మట్టే బయటపడుతుంది. మీథేన్‌కీ అలాంటి పరీక్ష ఉంది, ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ. ఒక్కో ఎలక్ట్రాన్‌ను పీకడానికి ఎంత శక్తి కావాలో అది కొలుస్తుంది. నాలుగు ఎస్‌పి3 బంధాలూ ఒకటే కాబట్టి ఒకే విలువ రావాలని మనం చెప్పిన పాఠాన్ని బట్టి అనుకుంటాం. రెండు వస్తాయి. ఒకటి సుమారు 14 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఇంకొకటి 23 దగ్గర. మాలిక్యులర్ ఆర్బిటాల్ లెక్క కూడా అదే చెబుతుంది, ఒకే శక్తి గల ఆర్బిటాళ్లు మూడు, వాటికి బాగా కింద ఒకటి. మీథేన్‌లో మొత్తం ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయన్నది మాత్రం రెండు వర్ణనల్లోనూ ఒకటే. అందుకే రెండూ చెల్లుతాయి. ఏ ప్రశ్నకు ఏది వాడాలన్నదే తేడా. బంధాల దిశ, పొడవు, ఆకారం అడిగితే హైబ్రిడైజేషన్ చక్కగా పనిచేస్తుంది. ఎలక్ట్రాన్ పీకే శక్తి అడిగితే పనిచేయదు.

ఎలక్ట్రాన్ ఎగరడాన్ని ప్రమోషన్ అంటాం, ఆ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. విడి కార్బన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను 2ఎస్ నుంచి 2పికి పంపాలంటే మోల్‌కి 400 కిలోజౌళ్లు ఖర్చు. మీథేన్‌లో ఒక్కో కార్బన్ హైడ్రోజన్ బంధం సగటున 416 కిలోజౌళ్లు తిరిగి ఇస్తుంది. రెండు బంధాలకు బదులు నాలుగు కట్టుకుంటే అదనంగా వచ్చేది 800 పైమాటే. ఖర్చు పోను మిగులే. ఇది జమాఖర్చు, ముందు ఖర్చు జరిగి తర్వాత జమ పడిన సంఘటన కాదు. పిల్లలకు ఈ అంకెలు రాసి చూపిస్తే "ఎలక్ట్రాన్ ఎందుకు ఎగరాలి" అన్న గొడవ సద్దుమణుగుతుంది.

ఇదంతా విని హైబ్రిడైజేషన్ ఉత్త కల్పన అని క్లాసులో చెప్పేయకండి. అది ఇంకో తప్పు దారి. ఈథేన్, ఎథిలీన్, ఎసిటిలీన్‌లలో రెండు కార్బన్ల మధ్య దూరం 1.54, 1.34, 1.20 ఆంగ్‌స్ట్రామ్‌లు ఎందుకో, ఎథిలీన్ ఎందుకు చదునుగా ఉంటుందో, ఎసిటిలీన్ ఎందుకు సరళరేఖలా ఉంటుందో ఇంత తక్కువ మాటల్లో చెప్పే పద్ధతి మరొకటి లేదు. ఎస్ పాలు పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దగ్గరగా ఉంటాయి, కాబట్టి హైడ్రోజన్ ప్రోటాన్‌గా ఊడిపోయాక మిగిలే ఆ జంటను కార్బన్ బాగా పట్టుకోగలదు. పీకేఏ విలువలు (ఎంత తక్కువైతే ప్రోటాన్ అంత తేలిగ్గా ఊడుతుంది) చూడండి, ఈథేన్‌కి సుమారు 50, ఎథిలీన్‌కి 44, ఎసిటిలీన్‌కి 25. అమ్మోనికల్ సిల్వర్ నైట్రేట్‌తో ఎసిటిలీన్ ఒక్కటే తెల్లటి అవక్షేపం ఇవ్వడానికి కారణం ఇక్కడే ఉంది. విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్ సీజన్‌లో ఈ పాఠం చెబితే ఇంకా బాగుంటుంది. కాయలు మగ్గబెట్టడానికి వాడకూడదని నిషేధించిన కార్బైడ్ అంటే, ఎసిటిలీన్ తన రెండు హైడ్రోజన్లనూ ప్రోటాన్లుగా పోగొట్టుకున్న రూపానికి కాల్షియం తోడైనదే. తడి తగిలితే మళ్లీ ఎసిటిలీన్ అవుతుంది. దాని బదులు ఛాంబర్లలో వాడమంటున్నది ఎథిలీన్. ఒకే యార్డులో ఎస్‌పి, ఎస్‌పి2 రెండూ దొరుకుతాయి.

ఇప్పుడు మిమ్మల్ని డీన్ దాకా తీసుకెళ్లిన పిరోల్. మీరు వేసిన ఫార్ములాలో లెక్క తప్పు ఏమీ లేదు. నైట్రోజన్‌కి మూడు సిగ్మా (మామూలు ఒంటి) బంధాలు, ఒక లోన్‌పెయిర్ (బంధంలో లేని ఎలక్ట్రాన్ల జంట), మొత్తం నాలుగు, కాబట్టి ఎస్‌పి3. ఫార్ములాకు తెలిసింది లెక్కపెట్టడమే. ఆ లోన్‌పెయిర్ ఏం చేస్తోందో దానికి తెలియదు. పిరోల్‌లో ఆ జంట రింగులోని నాలుగు పై ఎలక్ట్రాన్లతో కలిసి ఆరు అవుతుంది, రింగు ఆరోమాటిక్, అంటే బెంజీన్‌లా ప్రత్యేకంగా స్థిరమైనది, అవుతుంది. అలా కలవాలంటే ఆ జంట పి ఆర్బిటాల్‌లో ఉండాలి, నైట్రోజన్ చదునుగా ఉండాలి. చదునుగా ఉంది కాబట్టే దాన్ని ఎస్‌పి2 అంటున్నాం. పిరిడీన్ అనే ఇంకో నైట్రోజన్ రింగులో లోన్‌పెయిర్ రింగు తలంలోనే బయటికి చూస్తూ ఎస్‌పి2లో ఉంటుంది, పై వ్యవస్థలో కలవదు. అందుకే పిరిడీన్ క్షారం, పిరోల్ దాదాపు కాదు. అమైడ్‌లో (నైట్రోజన్ పక్కనే కార్బన్ ఆక్సిజన్ డబుల్ బాండ్ ఉండేది) కూడా పిరోల్ కథే. మామూలు అమీన్‌లో కార్బన్ నైట్రోజన్ దూరం 1.47 ఆంగ్‌స్ట్రామ్‌లు, అమైడ్‌లో 1.33 దగ్గర. నైట్రోజన్ చదును. పాలింగ్ 1951లో ప్రోటీన్ల ఆల్ఫా హెలిక్స్ అనే మెలి ఆకారాన్ని గీయగలిగింది పెప్టైడ్ బంధం (ప్రోటీన్లలోని అమైడ్) చదునని పట్టుబట్టడం వల్లే. మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం ప్రోటీన్ గొలుసు ఎలా మెలిపడగలదో చూపిస్తూ 1963లో వేసిన ప్లాట్‌కీ అదే ఆధారం. ఎనిలీన్ మాత్రం పూర్తిగా ఇటూ కాదు, అటూ కాదు, కొంచెం వంగి మధ్యలో ఉంటుంది. దాని మీద ప్రశ్న వస్తే కీ ఏది ఇచ్చినా పిల్లలు పోట్లాడతారు, పోట్లాడనివ్వండి.

హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గరా ఫార్ములా జారుతుంది. నాలుగు వచ్చింది కాబట్టి ఎస్‌పి3 అంటాం, కోణం చూస్తే 92 డిగ్రీలు. అలాంటివాటికి డ్రాగో రూల్ అని ఇంకో చిట్కా పెట్టుకున్నాం. ముందు ఆకారం చూసే అలవాటు ఉంటే ఇన్ని మినహాయింపులు కంఠతా పట్టే పని తప్పుతుంది.

మీరు గుంటూరు వాళ్లు కాబట్టి ఒక ప్రశ్న ఇస్తున్నాను. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నిర్మాణం బోర్డు మీద గీయండి. 18 కార్బన్లు. ఒక బెంజీన్ రింగు, ఒక అమైడ్, ఒక ట్రాన్స్ డబుల్ బాండ్, మిగతా అంతా మామూలు గొలుసు, ఒక మీథాక్సీ. ఏ కార్బన్ ఏదో రాయమనండి. రింగులో ఆరు, డబుల్ బాండ్‌లో రెండు, కార్బొనిల్ ఒకటి, మొత్తం తొమ్మిది ఎస్‌పి2. మిగిలిన తొమ్మిది ఎస్‌పి3. సరిగ్గా సగం సగం. చివరికి నైట్రోజన్ అడగండి. క్లాసులో ఫార్ములా వేసినవాళ్లంతా ఎస్‌పి3 అంటారు. అమైడ్ అని గుర్తుపట్టినవాడు ఒక్కడైనా ఎస్‌పి2 అంటాడు. ఆ ఒక్కడి చేత మిగతావాళ్లకు చెప్పించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

డీన్ చెప్పినట్టు ఫార్ములాతోనే సరిపెట్టవచ్చు. దీన్ని తక్కువగా చూడను. జూనియర్ ఇంటర్‌లో వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం దాంతో వెళ్లిపోతాయి, మైక్రో షెడ్యూల్ దెబ్బతినదు, మీరు సాయంత్రం బస్సు తప్పిపోకుండా ఎక్కుతారు. నష్టం ఈ ఏడాది కనపడదు. సీనియర్ ఇంటర్‌లో ఎనిలీన్ ఎందుకు బలహీన క్షారం, అమైడ్ ఎందుకు ఇంకా బలహీనం అన్నచోట ఇదే పిల్లలు ఇదే గోడకు తగులుతారు. రెండో నష్టం మీకు. ఎవరైనా చెయ్యెత్తితే గుండె దడ. మీ ఉత్తరం చదివితే ఆ దడ ఇప్పటికే మొదలైనట్టుంది.

లేదా నేను పైన చెప్పిందంతా, తరంగ ప్రమేయాలతో సహా, రెండు మూడు క్లాసుల్లో చెప్పేయాలని మీకు ఉత్సాహం పుట్టవచ్చు. కొత్తగా అర్థమైనప్పుడు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. పదహారేళ్ల పిల్లలు, పొద్దున ఆరింటికి లేచినవాళ్లు, అందులో సగం మంది పుస్తకం మూసేస్తారు. ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రమ్ వాళ్లకు ఇప్పుడు అక్కర్లేదు, అది మీ ధైర్యం కోసం చెప్పాను. పైగా డీన్‌కి మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

నా మొగ్గు మూడోదాని వైపు. ఉన్న గంటలోనే వరస మార్చడం. నాలుగు బెలూన్లు ఊది ముడులన్నీ ఒకచోట కట్టండి, వాటంతటవే చతుర్ముఖి మూలల్లోకి వెళ్తాయి. మూడు కడితే చదును, రెండు కడితే ఎదురెదురు. బీసెంట్ రోడ్డులో ఒక ప్యాకెట్ కొంటే రెండు సెక్షన్లకూ వస్తాయి. తర్వాత డైక్లోరోమీథేన్ కథ, తర్వాత పొలం వాటాలు, ఆ తర్వాతే ఫార్ములా. ఫార్ములాతోపాటు ఒక్క హెచ్చరిక: లోన్‌పెయిర్ పక్కన డబుల్ బాండ్ గానీ రింగు గానీ ఉంటే ఆగి, ఆ జంట అందులో కలుస్తోందేమో చూసి, అప్పుడు రాయండి. దీనివల్ల క్లాసులో పదిహేను ఇరవై నిమిషాలు ప్రాక్టీసు తగ్గుతుంది. మొదటి వారం పిల్లలు మెల్లగా చేస్తారు, "ఇంతకుముందే బాగుంది మేడమ్" అనేవాళ్లు కూడా ఉంటారు. ముందుగా మీరు ఒక ఆదివారం కూర్చుని, పుస్తకం మూసి, ఈ వరసలో పాఠం మొత్తం తెల్లకాగితం మీద రాసుకోవాలి. ఎక్కడ ఆగిపోతారో అక్కడే మీకూ సందేహం ఉన్నట్టు. ఎమ్మెస్సీలో డిస్టింక్షన్ వచ్చినవాళ్లకు అది నింపుకోవడం పెద్ద పని కాదు.

ఆ కుర్రాడి విషయం వేరేగా చూడండి. స్టడీ అవర్‌లో వాడి బెంచీ దగ్గరికి వెళ్లి "నువ్వడిగింది సరైన ప్రశ్న, జవాబు ఇది" అని చెప్పవచ్చు. వాడికి సిగ్గు తక్కువ, మీకూ తేలిక. కానీ నవ్విన క్లాసుకు మాత్రం అది వెర్రి ప్రశ్నగానే మిగిలిపోతుంది, ఇంకెవరూ అలాంటిది అడగరు. అందరి ముందూ ఆ ప్రశ్నతోనే క్లాసు మొదలుపెడితే ఆ నవ్వు ఆగుతుంది. వాడు నలుగురిలో పేరు వినపడితే ముడుచుకుపోయే రకమైతే మాత్రం అది శిక్షలా ఉంటుంది. పేరు చెప్పకుండా "ఈ క్లాసులో ఒకరు అడిగారు" అని మొదలుపెట్టినా వాడికి అర్థమవుతుంది. మీరే వాణ్ని చూశారు కాబట్టి ఎంచుకోవాల్సింది మీరే. పిరోల్ విషయంలో మాత్రం తటపటాయించకండి. "నేను ఎస్‌పి3 అన్నాను, ఫార్ములా అలాగే ఇస్తుంది, ఎందుకు కాదో ఇప్పుడు చూద్దాం" అని బోర్డు మీద రాయండి. పిల్లలకు ఏ కీ కన్నా ఆ పది నిమిషాలు ఎక్కువ గుర్తుంటాయి.

ఇక ఉద్యోగం. బీఎడ్ చేసి డీఎస్సీ రాయడం మంచి దారే. స్కూలు పనివేళలు బాబుకూ బాగుంటాయి, మీ ఆయన ఆలోచనలో తప్పు లేదు. దానికి బీఎడ్ రెండేళ్లు, ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. అప్పటిదాకా మీ జీతం లేకుండా ఇల్లు నడుస్తుందో లేదో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. ఏపీపీఎస్సీ జూనియర్ లెక్చరర్ పోస్టుకు మీ ఎమ్మెస్సీ చాలు, అయితే నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. రాయాలనుకుంటే ఇప్పుడు చెబుతున్న పాఠాలే మీ సిలబస్. ప్రయాణం, బాబు, జీతం కోసం మారాలనుకుంటే ఎప్పుడైనా మారండి. ఒక పిల్లాడి ప్రశ్నకు జవాబు రాలేదని మారితే మాత్రం, స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అలాంటివే అడుగుతారు. వీలైతే విద్యాసంవత్సరం మధ్యలో వద్దు. మీకు రావాల్సిన జీతం, సర్టిఫికెట్లు చిక్కుల్లో పడతాయి, పిల్లలకూ ఇబ్బంది.

డీన్‌తో వాదన పెట్టుకోనక్కర్లేదు. "ఫార్ములా మానడం లేదు సార్, ముందు పదిహేను నిమిషాలు కలుపుతున్నాను, ఒక సెక్షన్‌లోనే చేసి చూస్తాను" అని చెప్పండి. రెండు సెక్షన్లలోనూ వీకెండ్ టెస్ట్ పేపరు ఒకటే కదా. ఈ టాపిక్ ప్రశ్నల్లో మార్కులు పక్కపక్కన పెట్టి చూపించండి. ఆయనకు ఆ భాష బాగా తెలుసు. మార్కులు తగ్గితే ఆ సెక్షన్‌కి పాత పద్ధతిలో రివిజన్ చేయించే టైమ్ ఇంకా ఉంటుంది. ఒకవేళ ఆయన ముందే వద్దంటే, బెలూన్లు డౌట్స్ అవర్‌లోకి మార్చుకోండి. అక్కడ షెడ్యూల్ మీ చేతిలోనే ఉంటుంది.